విపత్తు వేళ వకీలు మాత్రమే చేయగలిగే పని ఏది?

రాత్రిదీపం:
అందరికీ నమస్కారం. నేను ప్రాక్టీసులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఎక్కడ వరద వచ్చినా, అగ్నిప్రమాదం జరిగినా మా బార్ అసోసియేషన్ తరఫున చందాలు పోగుచేసి దుప్పట్లు, మందులు పంపిస్తాం. చేయాల్సిన పనే, కాదనను. కానీ దానికి నల్లకోటు అక్కర్లేదు కదా. మన చదువు వల్ల మాత్రమే జరిగే సాయం ఆ మొదటి రోజుల్లో ఏముంటుంది? సీనియర్లను అడిగితే "కేసులు వచ్చాక చూద్దాంలే" అంటున్నారు. కేసు వచ్చేసరికే చాలా జరిగిపోయి ఉంటుందేమోనని నా అనుమానం. ఊరంతటికీ వచ్చిన ఆపదైనా సరే, అర్ధరాత్రి అరెస్టు, ఐసీయూ లాంటి ఒక్క ఇంటి ఆపదైనా సరే, తెలిసినవాళ్లు చెప్పండి.

పాత రికార్డు:
మీ అనుమానం నిజమేనమ్మా. కోర్టు గుమ్మం ఎక్కేలోపే సగం కేసు తేలిపోతుంది.

సర్వం పోగొట్టుకున్న మనిషికి మొదట కావాల్సింది దావా కాదు. తానెవరో, ఆ ఇల్లు తనదేనని, చనిపోయింది తన భర్తేనని అడిగిన ప్రతిచోటా రుజువు చూపించాలి. ఆ రుజువులన్నీ అదే ఇంట్లో, అదే బీరువాలో ఉండి, బీరువాతో సహా పోయాయి. అలాంటివాళ్లు వస్తే "ఏం జరిగింది" అని నేను అడగను, అది వాళ్లు ఎలాగూ చెబుతారు. ఎవరి ఆచూకీ ఇంకా తెలియలేదు, ఏ కాగితాలు పోయాయి, ఇప్పటిదాకా దేనిమీదైనా సంతకం పెట్టారా అని అడుగుతాను. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తరవాతి పని ఉంటుంది.

రిజిస్టరైన దస్తావేజు కొట్టుకుపోతే ఆస్తి పోయినట్టు కాదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులో అది ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం. తెలియనివాళ్లకు మాత్రం ఆ ఒక్క మాటతో ప్రాణం లేచి వస్తుంది. అలాగే బురద కడిగే ముందు ఫొటోలు తీయమని చెప్పాలి. గోడమీద నీళ్లు నిలిచిన గీత, పాడైన సామాను, మీటరు, తలుపు నంబరు అన్నీ పడాలి. కడిగేశాక నష్టాన్ని నోటితో చెప్పుకోవడమే మిగులుతుంది.

ఇక గడువులు. అప్పీలుకు, చెక్కు బౌన్సు నోటీసుకు, బీమా క్లెయిముకు నడిచే గడువు విపత్తు వచ్చిందని ఆగదు. కోవిడ్‌లో సుప్రీంకోర్టు 2020 మార్చి 23న తనంతట తానే విచారణ చేపట్టి కాలపరిమితి పొడిగించింది. చివరికి 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేసింది. అది దేశమంతా మూతపడితే వచ్చిన ఉత్తర్వు. ఒక ఊరు మునిగితే అలాంటిది దానంతట అది రాదు. అందుకని మన ఫైళ్లు తీసి, ఎవరి గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసి, వాళ్లు ఫోన్ చేయకముందే మనమే చేయాలి. ఉన్న క్లయింట్లకు మనం చేయగలిగిన అసలు మేలు ఇదేనని నా నమ్మకం.

సహాయ శిబిరం:
నేను లాయర్‌ని కాదు, పునరావాస శిబిరాల్లో వాలంటీరుగా పనిచేస్తాను. పాత రికార్డు గారు చెప్పినవన్నీ మాకు పదేపదే ఎదురయ్యేవే. చిక్కు ఎక్కడంటే, శిబిరంలో ఉన్నవాళ్లు వకీలు దగ్గరికి వెళ్లరు. "మనకెందుకు కోర్టు గొడవ" అంటారు. ఆ ప్రశ్నలు మమ్మల్ని అడుగుతారు, మాకు జవాబు తెలియదు.

ఇంకో సంగతీ చెప్పాలి. ఒక శిబిరానికి కొందరు వచ్చి పరిహారం ఇప్పిస్తామని, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలని, ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుపోయారు. వాళ్లు లాయర్లో, లాయర్ల పేరు చెప్పుకునేవాళ్లో ఎవరికీ తెలియలేదు. ఆ తరవాత నిజంగా సాయం చేయడానికి వచ్చిన అమ్మాయినీ జనం నమ్మలేదు. దీనికి మీరేమంటారు?

నిష్పక్షం:
దీనికి నా దగ్గర మొహమాటం లేని సమాధానం ఉంది. మొదటి కొన్ని వారాలు లాయర్లను అటు రానివ్వకూడదు.

1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు చిమ్మిన కొద్ది రోజులకే అమెరికా నుంచి లాయర్లు విమానాలెక్కి వచ్చారు. ఆసుపత్రుల దగ్గర, బస్తీల్లో వకాలత్ కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నారు. ఇలాంటివి చూసే అమెరికాలో చట్టమే తెచ్చారు. విమాన ప్రమాదం జరిగితే 45 రోజులు గడిచేదాకా లాయర్లు తమంతట తాము బాధిత కుటుంబాలను కలవకూడదు. 1996లో 30 రోజులుగా మొదలుపెట్టి, తరవాత 45కు పెంచారు. ఫ్లోరిడా బార్ పెట్టిన 30 రోజుల నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1995లో సమర్థించింది కూడా. ఏడుస్తున్నవాళ్లను ఏడవనివ్వాలి. అప్పుడు కాగితం చాపడం అన్యాయం.

పాత రికార్డు:
నిష్పక్షం గారూ, భోపాల్ గురించి మీరన్నది చరిత్రలో ఉన్నదే. అక్కడితో ఆపకండి, తరవాత జరిగింది కూడా చూద్దాం. ఆ వేలంవెర్రి చూపించి 1985లో పార్లమెంటు చట్టం చేసింది, బాధితులందరి తరఫున దావా వేసే హక్కు కేంద్ర ప్రభుత్వం ఒక్కదానికే దక్కింది. 1986 మేలో న్యూయార్క్ కోర్టు, ఈ కేసు భారతదేశంలోనే నడవాలని పంపేసింది. 1989 ఫిబ్రవరిలో ఆ ఫ్యాక్టరీ మాతృసంస్థ, అమెరికాకు చెందిన యూనియన్ కార్బైడ్‌తో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. రాజీకి ముందు ఎవరి ఊపిరితిత్తులు పాడయ్యాయో వాళ్లను అడిగినవాళ్లు లేరు. అదే ఏడాది డిసెంబరులో చరణ్‌లాల్ సాహు కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, బాధితుల మాట వినాల్సిందని ఒప్పుకుంది. అదనపు పరిహారం కోసం కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను (సుప్రీంకోర్టు తుది తీర్పును సరిదిద్దమని అడిగే ఆఖరి పిటిషన్) 2023 మార్చిలో కొట్టేశారు. తలుపు మూసేశాక ఎన్నేళ్లు తట్టినా తెరుచుకోలేదు.

డబ్బు కోసం వచ్చే లాయర్లను అడ్డుకోవాల్సిందే, మీతో ఏకీభవిస్తాను. కానీ బాధితుడి పక్కన తనకంటూ ఒక మనిషి లేకపోతే, తరవాత వచ్చేవాళ్లు అతన్ని పక్కకు తోసి మాట్లాడతారు.

న్యాయపాఠం:
లా కాలేజీలో చెబుతుంటాను కాబట్టి నియమాల సంగతి చెబుతాను. కేసు పట్టుకోవడం వేరు, సమాచారం ఇవ్వడం వేరు. మన బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం వకీలు తనంతట తాను పని అడుక్కోకూడదు, దళారులతో అడిగించకూడదు. ఉచితంగా హక్కులు వివరించడానికి ఆ నియమం అడ్డురాదు. నిష్పక్షం గారు చెప్పిన అమెరికాలోనే, పెద్ద విపత్తు ప్రకటించాక అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా, అమెరికన్ బార్ అసోసియేషన్ యువ న్యాయవాదుల విభాగం కలిసి ఉచిత న్యాయ సలహా నడుపుతాయి. ఫీజు రాగల కేసు అనిపిస్తే అక్కడ తీసుకోరు, బయటికి పంపిస్తారు. ఆ ఒక్క ఏర్పాటుతో శిబిరంలో దోపిడీకి చోటు తగ్గుతుంది.

2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. దగ్గర్లో ఉన్న నార్త్ కెన్సింగ్టన్ లా సెంటర్ వకీళ్లు వెంటనే బాధితుల మధ్యకు వెళ్లి ఉచితంగా సలహా ఇవ్వడం మొదలుపెట్టారు. అది 1970 నుంచి అదే పేటలో ఉన్న సంస్థ. జనానికి ముందే తెలిసిన ముఖాలు కాబట్టి నమ్మారు. సహాయ శిబిరం గారి ప్రశ్నకు నా జవాబు ఇదే. విపత్తు రోజున నమ్మకం పుట్టదు, దాన్ని ముందే సంపాదించుకుని ఉండాలి.

మన దగ్గరా దారి ఉంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో వరద, కరువు, భూకంపం, పారిశ్రామిక విపత్తు, జాతి హింస, కుల దౌర్జన్యాల బాధితులకు ఉచిత న్యాయసహాయం హక్కుగా రాసి ఉంది. వాళ్లకు ఆదాయ పరిమితి అడ్డు రాదు. విపత్తు బాధితుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2010లో ప్రత్యేక పథకమే పెట్టింది. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. శిబిరానికి వెళ్లే వకీలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున వెళితే అడగనవసరం లేకుండానే గుర్తింపు ఉంటుంది, లెక్కచెప్పే బాధ్యతా ఉంటుంది.

మాజీ సర్వేయర్:
బీమా నష్టాల సర్వే చేసి రిటైరయ్యాను. దేనిమీదైనా సంతకం పెట్టారా అన్న పాత రికార్డు గారి చివరి ప్రశ్న గురించి చెప్పాలి.

చేతిలో రూపాయి లేని మనిషి ముందు "పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అని అచ్చేసిన డిశ్చార్జ్ వోచర్ పెడతారు. సంతకం పెడితేనే డబ్బు అంటారు. పక్కన వకీలు ఉంటే ఒకటే అడుగుతాడు, "ఒప్పుకున్నంత మొత్తం ఇప్పుడు ఇవ్వండి, మిగతాది వివాదంలో ఉందని రాయండి" అని. ఒత్తిడితో తీసుకున్న వోచర్ అయితే వివాదం ముగిసినట్టు కాదని 2008లో బొఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒత్తిడిని రుజువు చేయాల్సింది మాత్రం సంతకం పెట్టినవాళ్లే. అందుకని ఆ రోజే, ఆ వారమే, అభ్యంతరం రాతపూర్వకంగా పంపాలి. ఏడాది తరవాత గుర్తొచ్చిన అభ్యంతరాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఫ్యాక్టరీ ప్రమాదాలకు సంబంధించి ఇంకోటి. ప్రమాదకర రసాయనాలతో జరిగిన ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకు 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే తక్షణ సాయం అడిగే వీలుంది. కలెక్టరుకు దరఖాస్తు చేయాలి, అయిదేళ్ల గడువు ఉంటుంది. పెద్ద కేసు మీద పెద్ద కేసు వేస్తూ ఈ చిన్న దరఖాస్తును మరిచిపోతారు. నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది.

అమ్మకు తోడు:
రాత్రిదీపం గారు ఐసీయూ అన్నారు కాబట్టి రాస్తున్నాను. అమ్మ ఉన్నట్టుండి కోమాలోకి వెళ్లింది. ఆమె ఖాతాలో డబ్బు ఉంది, ఆసుపత్రి బిల్లు పెరుగుతోంది, బ్యాంకు వాళ్లు "ఆమె సంతకం కావాలి" అంటారు. అమ్మ అంతకుముందే నా పేరు మీద జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాసింది, అదుందిలే అని ధైర్యంగా వెళితే చెల్లదన్నారు. మాకు తెలిసిన లాయరమ్మ వచ్చి కూర్చోకపోతే ఆ పూట ఏం చేసేవాళ్లమో తెలియదు. ఆమె ఒక్కసారి కూడా "కేసు వేద్దాం" అనలేదు. ముందు డాక్టరు దగ్గర పరిస్థితి వివరిస్తూ సర్టిఫికెట్ రాయించింది, అన్నదమ్ములం అందరి చేతా అభ్యంతరం లేదని అఫిడవిట్లు చేయించింది, తరవాతే హైకోర్టులో పిటిషన్ తయారుచేసింది. ఆ రోజు మా ఇంట్లో తొణకకుండా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

న్యాయపాఠం:
అమ్మకు తోడు గారూ, మీ అనుభవం ఎందరికో పనికొస్తుంది. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చినవాళ్లకు మతి స్థిమితం పోతే ఏజెన్సీ ముగుస్తుంది. కోమాకూ అదే వర్తింపజేస్తూ జీపీఏను పక్కన పెడతారు. అవసరం పడినప్పుడే అది పనికిరాకుండా పోతుందన్నమాట. ఇంగ్లండ్‌లో స్పృహ పోయాక కూడా నిలిచే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది, మనకు అలాంటి చట్టం లేదు. అందుకే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లి సంరక్షకుడిగా నియమించమని అడగాలి. దీనికి కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది.

వైద్యం ఎంతవరకు కొనసాగించాలన్న నిర్ణయానికి మాత్రం ముందే రాసిపెట్టుకునే వీలుంది. 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ముందస్తు వైద్య ఆదేశాన్ని గుర్తించింది. మొదట్లో దానికి మేజిస్ట్రేటు సంతకం కావాల్సివచ్చేది. 2023 జనవరిలో దాన్ని సులువు చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు, ఇద్దరు సాక్షులతో చాలన్నారు. వీలునామా రాయించడానికి వచ్చిన ప్రతి క్లయింటుకూ ఈ మాట చెప్పడం, ఉమ్మడి ఖాతా, నామినీ సంగతి చూసుకోమనడం ఆపద రాకముందు వకీలు చేయాల్సిన పని.

రాత్రిదీపం:
ఇన్ని విషయాలు ఒకచోట దొరుకుతాయనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఇంకో ప్రశ్న. గల్లంతైనవాళ్ల కుటుంబాల సంగతేమిటి? మృతదేహం దొరక్కపోతే ఏడేళ్లు ఆగాలని చదువుకున్నాం. ఏడేళ్లు పింఛను లేకుండా, బీమా లేకుండా ఎలా బతుకుతారు?

న్యాయపాఠం:
సాక్ష్య చట్టంలోని ఆ ఏడేళ్ల ఊహ మామూలు రోజుల కోసం. విపత్తుల్లో ప్రభుత్వం వేరే పద్ధతి పెట్టొచ్చు. 2021 ఫిబ్రవరిలో చమోలీ వరద తరవాత గల్లంతైనవాళ్ల విషయంలో విచారణ జరిపి, ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని, మరణ ధ్రువీకరణ ఇచ్చే వీలు కల్పించారు. 2013లో ఉత్తరాఖండ్ వరదలప్పుడూ ఇలాంటి ఏర్పాటే చేశారు. కుటుంబం ఎక్కడ, ఎప్పుడు చివరిసారి చూసిందో, ఆ రోజు ఏ ఫోన్ కాల్ వచ్చిందో సాక్షులతో సహా వెంటనే రాసిపెట్టుకుంటే ఆ విచారణ నిలబడుతుంది. అది వకీలు చేయించాల్సిన పని.

కోవిడ్ పరిహారమూ అంతే. విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ చూపించి వకీళ్లు కొట్లాడితే, 2021 జూన్ 30న సుప్రీంకోర్టు పరిహారం నిర్ణయించాల్సిందేనంది. 50 వేల రూపాయలుగా తేలింది. అప్పుడు డెత్ సర్టిఫికెట్‌లో కోవిడ్ అని లేదంటూ తిప్పిపంపడం మొదలైంది. ఆ ఒక్క కారణంతో కాదనకూడదని అక్టోబరు 4న మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సివచ్చింది. తీర్పు రావడంతో పని అయిపోలేదు, దాన్ని ఒక విధవరాలి చేతికి డబ్బుగా అందేదాకా తీసుకెళ్లడానికి మళ్లీ ఒక మనిషి కావాల్సివచ్చింది.

క్రిమినల్ సైడ్:
అరెస్టుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నా ఫోన్ రాత్రి ఆపను, మా శాఖలో ఆపడం కుదరదు కూడా.

అర్ధరాత్రి స్టేషన్ నుంచి ఫోన్ వస్తే కుటుంబం అడిగేది బెయిల్ ఎప్పుడని. నేను అడిగేది మాత్రం ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు చూశారు, ఏ స్టేషన్ అని. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి, ప్రయాణ సమయం మినహాయించి. ఆ గడియారం ఎప్పుడు మొదలైందో మన దగ్గర రాసి లేకపోతే, పోలీసులు రాసుకున్న సమయమే మిగులుతుంది. 1996 డి.కె.బసు తీర్పు ప్రకారం సాక్షి సంతకంతో అరెస్టు మెమో ఉండాలి, అయినవాళ్లకు కబురు చేయాలి, కస్టడీలో 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. వకీలు స్టేషన్ గుమ్మంలో నిలబడి ఈ మాటలు మర్యాదగా అడిగితే చాలాసార్లు లోపల చెయ్యి ఆగుతుంది. అందుకు కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు.

1975 ఎమర్జెన్సీలో శాంతిభూషణ్, తార్కుండే, సొరాబ్జీ లాంటివాళ్లు నిర్బంధితుల తరఫున నిలబడ్డారు. నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుంచమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్లు వినొచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో నలుగురు కాదన్నారు, జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే ఔనన్నారు. 1978లో రాజ్యాంగ 44వ సవరణ వచ్చి జీవించే హక్కును ఎమర్జెన్సీలోనూ సస్పెండ్ చేయకూడదంది, 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి తీర్పు ఆ మెజారిటీ అభిప్రాయాన్నే కొట్టేసింది. ఓడిపోతామని తెలిసీ ఆ పిటిషన్లు వేసిన వకీళ్ల మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. వాళ్లు వేయకపోతే ఖన్నా గారి తీర్పు రాయడానికి కేసే ఉండేది కాదు.

ఒక హెచ్చరిక కూడా. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు, పేదల తరఫు వకీళ్ల జీతాలు ఎక్కువగా ట్రాఫిక్ జరిమానాల నుంచి, కోర్టు రుసుముల నుంచి వచ్చేవి. ఊరే ఖాళీ అయితే జరిమానాలెక్కడివి? చాలామంది వకీళ్లను తీసేశారు. చిన్న నేరాలకు లోపల ఉన్న మనుషులు వేరే జైళ్లకు చెదిరిపోయి, వకీలు ముఖం చూడకుండా నెలలకొద్దీ ఉండిపోయారు. విపత్తులో ఖైదీని తలుచుకునేవాళ్లుండరు. ఆ పని మనదే.

పాత రికార్డు:
కత్రినా అన్నారు కాబట్టి ఒక మాట. తాతల నాటి ఇళ్లు, పంపకాలు కాకుండా, పేరు మారకుండా వారసుల అనుభవంలో ఉన్నవాటికి అక్కడ ఇంటి సాయం దొరకలేదు, హక్కు పత్రం లేదని. ఆ మార్పు కోసం అక్కడి న్యాయసహాయ వకీళ్లు ఏళ్ల తరబడి అడిగారు. 2021లో గానీ ఫెమా మెట్టు దిగి, వేరే పత్రాలు లేకపోతే స్వయం ప్రకటననూ ఒప్పుకోలేదు. ఈ కష్టం ఏ దేశంలోనైనా ఉంటుంది. పంచాయితీలు తెగని ఇళ్లకు నీళ్లు రాకముందే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించిపెట్టడం మంచి వకీలు లక్షణం.

నిష్పక్షం:
నేను అన్నదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం మీద నిలబడతాను. శిబిరంలో సలహా ఇచ్చిన వకీలు అదే బాధితుడి నష్టపరిహారం కేసును ఫీజుకు తీసుకోకూడదు. దీన్ని బార్ అసోసియేషన్ ముందే తీర్మానంగా రాసిపెట్టాలి. అది జరిగితే నాకు అభ్యంతరం లేదు.

క్రిమినల్ సైడ్:
ఒప్పుకుంటున్నాను. మా బార్‌లో నేనే ప్రతిపాదిస్తాను.

సహాయ శిబిరం:
ఆ తీర్మానం కాపీ శిబిరం గోడకు అంటిస్తే మా పని సగం తేలికవుతుంది. ఒక విన్నపం. వచ్చేవాళ్లలో ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. భర్త కొడుతున్నాడని, శిబిరంలో రాత్రి భయంగా ఉందని మగ వకీలుకు చెప్పుకోరు. గృహహింస చట్టం కింద అవతలి పక్షం రాకముందే మధ్యంతర రక్షణ ఉత్తర్వు అడగొచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా వాళ్లను ఊరడించి పంపడమే మాకు తెలుసు.

రాత్రిదీపం:
వస్తానండీ. మా బ్యాచ్‌లో మరో ఇద్దరు అమ్మాయిలను కూడా అడుగుతాను. పాత రికార్డు గారూ, శిబిరంలో ఒక కుటుంబంతో కూర్చున్నప్పుడు ఏం రాసుకోవాలో ఒకే పేజీలో పట్టేలా చెబుతారా?

పాత రికార్డు:
చెబుతానమ్మా. పైన తేదీ, సమయం, చోటు. ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, ఇప్పుడు ఎవరు ఎక్కడ. కనబడనివాళ్లను చివరిసారి చూసింది ఎవరు. పోయిన కాగితాల పేర్లు, గుర్తున్నంతవరకు నంబర్లు, అవి ఏ ఆఫీసు ఇచ్చినవో. ఇల్లు సొంతమా, అద్దెనా, వారసత్వమా. లోను, బీమా ఏ పేరు మీద. కోర్టులో ఏదైనా కేసు నడుస్తోందా, తరవాతి వాయిదా ఎప్పుడు. దేనిమీదైనా సంతకం, వేలిముద్ర వేశారా, ఎవరు వేయించుకున్నారు. అంతే. వాళ్లు చెప్పింది చదివి వినిపించి, తప్పులుంటే దిద్ది, ఒక కాపీ వాళ్లకే ఇచ్చేయండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి. రెండో కాపీ మీరు ఒక్కరే ఉంచుకోకండి, న్యాయ సేవాధికార సంస్థలో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి.